మీ ఊరి ఆరోగ్యాన్ని ‘బాగున్న రోజుల’తో కొలవడం ఎలా?

నెలకు ఒకరిద్దరైనా ఇదే అడుగుతుంటారు. హన్మకొండలో ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ) చదువుతున్న అమ్మాయి, ఏటూరునాగారం వైపు పనిచేసే స్వచ్ఛంద కార్యకర్త, కొత్తగా గెలిచిన ఒక సర్పంచ్. మాటలు వేరు, ప్రశ్న ఒకటే: “మా ఊళ్ల జనం ఆరోగ్యం ఎట్లున్నదో లెక్కతోని చెప్పాలె. ఎట్ల కొలుస్తరు?” ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెబితే సగమే అందుతోంది. అందుకని మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చాలామంది షుగర్ ఎందరికి, బీపీ ఎందరికి అని రాసుకోవడంతో మొదలుపెడతారు. అది కావాల్సిందే, కానీ అది జబ్బుల లెక్క. షుగర్ ఉన్న ఇద్దరిలో ఒకాయన రోజూ పత్తి చేనుకు పోయి వస్తుంటాడు, ఇంకొకాయన కాలిపుండుతో నెలంతా మంచం మీదే ఉంటాడు. జబ్బుల పట్టికలో ఇద్దరివీ ఒకే రకం టిక్కులు. గుండెలో రందితో రాత్రంతా నిద్రపోని తల్లికైతే ఆ పట్టికలో గడే లేదు. జనం తమ ఆరోగ్యంతో రోజులు ఎలా గడుపుతున్నారో వాళ్లనే అడిగి లెక్కగట్టడాన్ని ఆరోగ్య సంబంధ జీవన నాణ్యత కొలవడం అంటారు. సిద్ధాంతం ఇంతే, మిగిలిందంతా పని.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- అచ్చువేసిన ప్రశ్నపత్రం. లేదా ఆండ్రాయిడ్ ఫోన్‌లో కోబో టూల్‌బాక్స్ (సర్వే జవాబులు నింపే యాప్). ఇది నెట్ లేకున్నా పనిచేస్తుంది, ఏజెన్సీ ఊళ్లకు అదే మేలు.
- అడిగేవాళ్లు నలుగురైదుగురు. వాళ్లలో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఇందులో రాజీపడకండి, కారణం కింద చెబుతాను.
- ఇళ్ల జాబితా.
- పండుగలు, అంగడి రోజులు గుర్తుపెట్టిన తెలుగు క్యాలెండర్.
- అడిగేవాళ్లు ఒక్కొక్కరికి చిన్న సంచిలో 30 చింతగింజలు, లెక్కబెట్టినవి (రోజులు లెక్కబెట్టించడానికి).
- సమ్మతి పత్రం, దగ్గరి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఫోన్ నంబరు, మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్ నంబరు 14416.

1. ఏ కొలబద్దతో కొలుస్తారో తేల్చుకోండి

మూడు రకాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

నాలుగు ప్రశ్నల ‘ఆరోగ్యకర దినాల’ పద్ధతి: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తయారుచేసింది, 1993 నుంచి అక్కడి రాష్ట్రాల టెలిఫోన్ సర్వేలో అడుగుతున్నారు. వాడుకోవడానికి రుసుము లేదు. జవాబు ‘రోజుల’లో వస్తుంది కాబట్టి గ్రామసభలో కూర్చున్న ఎవరికైనా అర్థమవుతుంది.

ఈక్యూ-5డీ: నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన అనే ఐదు అంశాలు, వాటితో పాటు 0 నుంచి 100 దాకా గీతలున్న ఒక స్కేలు. ఖర్చుకు తగ్గ ఫలితం వచ్చిందా అని తేల్చే అధ్యయనాలకు ఇది కావాలి. భారతీయుల అభిప్రాయాల ఆధారంగా లెక్కగట్టిన విలువలు 2022లో వెలువడ్డాయి, వాడితే అవే వాడండి, ఇంకో దేశానివి వద్దు. దీనికి యూరోక్వాల్ సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుని, వాళ్లిచ్చే అనువాదాన్నే వాడాలి. ఒక్క మాట కూడా మార్చకూడదు.

వూకాల్-బ్రెఫ్: ప్రపంచ ఆరోగ్య సంస్థది, 26 ప్రశ్నలు. ఒళ్లు, మనసు, మనుషుల మధ్య సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు విభాగాలు. గడిచిన 2 వారాల గురించి అడుగుతుంది. థీసిస్ రాసేవారికి బాగుంటుంది కానీ, నాట్లకు పోయే తొందరలో ఉన్న మనిషిని నిలబెట్టి 26 ప్రశ్నలు అడిగితే పదో ప్రశ్న దాటాక “ఏదో ఒకటి రాసుకో బిడ్డా” అంటారు.

ఒక ఊరు, ఒక మండలం, మొదటిసారి చేసే జట్టు అయితే నా సలహా మొదటిదే. కింద చెప్పేదంతా దాని గురించే.

2. ఎందరిని అడగాలి

మండలం మొత్తానికి లెక్క కావాలంటే: మామూలుగా జనాభా సర్వేలకు వాడే సూత్రం 384 మంది అంటుంది. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూ తేడా వరకు ఇది సరిపోతుంది. కానీ మనం ఒకే వాడలో పక్కపక్క ఇళ్లు తిరుగుతాం, పక్కపక్క ఇళ్లవాళ్ల బతుకులు ఒకేలా ఉంటాయి. అందుకని 1.5తో గుణించండి: 576. తాళాలు వేసిన ఇళ్లు, ‘వద్దు’ అనేవాళ్లు పదోవంతు ఉంటారనుకుంటే 576ను 0.9తో భాగించాలి: 640. అంటే 32 చోట్ల 20 మంది చొప్పున.

ఆ 32 చోట్లను మీకు తెలిసిన ఊళ్లు చూసి ఎంచుకోకండి. ఊళ్లు, తండాలు, గూడేలు అన్నీ వరుసగా రాసి పక్కన జనాభా కూడుకుంటూ పోండి. మండల జనాభా 48,000 అనుకుందాం. 32తో భాగిస్తే 1,500. 1,500 లోపు ఒక సంఖ్యను చీటీ తీసి ఎంచుకోండి, 620 వచ్చిందనుకోండి. కూడికలో 620వ మనిషి పడే ఊరు మొదటిది, 2,120వ మనిషి పడే ఊరు రెండోది, 3,620 మూడోది. పెద్ద ఊరు రెండుసార్లు వచ్చినా తప్పులేదు, అక్కడ 40 మందిని అడుగుతారు.

ఒక్క ఊరే అయితే ఈ గుణకారాలు అక్కర్లేదు. పెద్దవాళ్లు 1,500 మంది ఉన్న ఊళ్లో ఇళ్లన్నిటి జాబితా నుంచి ఏరితే 306 మంది చాలు.

3. ప్రశ్నలను మన మాటల్లోకి తెచ్చుకోండి

ఈ పనికి కనీసం రెండు వారాలు పెట్టండి. తొందరపడి చేసిన అనువాదం సర్వే మొత్తాన్ని ముంచుతుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు “గడిచిన 30 రోజుల్లో మీ మానసిక ఆరోగ్యం ఎన్ని రోజులు బాగాలేదు?” అని అచ్చేసుకుని వెళ్లాం. ఇల్లిల్లూ తిరిగితే ఒకటే జవాబు: సున్నా. ఒక పెద్దవ్వ అయితే ముఖం మాడ్చుకుని, “నాకేం పిచ్చి లేదు బిడ్డా” అంది. లేచి వస్తుండగా మా జట్టులో అమ్మాయి, “రంది ఏమన్న ఉన్నదా అవ్వా?” అని మామూలుగా అడిగింది. అవ్వ మళ్లీ కూర్చుంది. మస్కట్ పోయిన కొడుకు నాలుగు నెలలుగా ఫోన్ చేయడం లేదు. ఆ మనాదితో ముద్ద దిగడం లేదు, నెలంతా అట్లనే ఉందట. మా కాగితం మీద మాత్రం అప్పటికే సున్నా రాసి ఉంది. ఆ రోజు నుంచి ఆ మాటను మార్చేశాం.

మన వైపు ‘పానం బాగలేదు’ అంటే ఒళ్లు బాగలేదనే ఎక్కువగా అర్థం చేసుకుంటారు. మనసుకు రంది, మనాది, దిగులు, బుగులు, యాష్ట అనే మాటలున్నాయి. కింది రూపంతో మొదలుపెట్టి, మీ ప్రాంతపు పలుకుబడికి తగ్గట్టు సరిచేసుకోండి.

ఒకటో ప్రశ్న: “మొత్తం మీద మీ ఆరోగ్యం ఎట్లున్నదంటరు? మస్తు మంచిగ, చాలా మంచిగ, మంచిగ, అంతంత మాత్రం, అస్సలు మంచిగ లేదు. ఇండ్ల ఏది?”

రెండో ప్రశ్న: “ఇప్పుడు ఒంటి సంగతి. జొరం, నొప్పులు, దెబ్బలు ఏదైనా సరే. పోయిన 30 రోజులల్ల ఎన్ని రోజులు ఒళ్లు మంచిగ లేకుండె?”

మూడో ప్రశ్న: “ఇప్పుడు మనసు సంగతి. రంది, మనాది, దిగులు, యాష్ట. పోయిన 30 రోజులల్ల ఎన్ని రోజులు మనసు మంచిగ లేకుండె?”

నాలుగో ప్రశ్న: “ఒళ్లు బాగలేకనో మనసు బాగలేకనో, రోజూ చేసుకునే పనులు, అంటే తానం, వంట, పొలం, కూలి, నలుగుర్ల కలుసుడు, పోయిన 30 రోజులల్ల ఎన్ని రోజులు చేసుకోలేకపోయిన్రు?”

రెండూ మూడూ సున్నా అయితే నాలుగోది అడగనవసరం లేదు.

మాటలు కుదిరాక ఇంగ్లిష్ మూలం చూడని ఒకరికి మీ తెలుగు ఇచ్చి, దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చమనండి. మూలంతో పోల్చండి, అర్థం ఎక్కడ జారిందో అక్కడ దిద్దండి. తర్వాత ఊళ్లో ఎనిమిది పదిమందిని అడిగి, జవాబు వచ్చాక “ఈ ప్రశ్నల మీకు ఏమర్థమైంది?” అని తిరిగి అడగండి. ఈ చిన్న పరీక్ష బయటపెట్టినన్ని తప్పులు ఏ సాఫ్ట్‌వేరూ బయటపెట్టదు.

హెచ్చరిక: తండాల్లో లంబాడీ, ములుగు వైపు కోయ, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండి, వరంగల్, నిజామాబాద్ పట్టణాల్లో ఉర్దూ ఇంటి భాష అయిన మనుషులుంటారు. అక్కడికి పోయి అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు అనువదించుకుంటే పదిమంది పది ప్రశ్నలు అడిగినట్టే. ఆ భాషలో వాక్యాన్ని ముందే కుదిర్చి, తెలుగు లిపిలోనే రాసి పట్టుకెళ్లండి.

4. అనుమతి తీసుకోండి, ఆసరా ఏర్పాటు చేసుకోండి

విద్యార్థులైతే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఇల్లు కూడా ఎక్కొద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఇందుకే ఉన్నాయి. సంస్థలైతే పంచాయతీకి, పీహెచ్‌సీ డాక్టరుకు రాసివ్వండి. ఆశా కార్యకర్తకు ముందుగా చెప్పండి. ఊళ్లో మీ మొదటి పరిచయం ఆమెదే. అయితే ప్రశ్నలు అడిగేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోకండి. పక్కింటి మనిషి ముందు ఎవరూ మనసు విప్పరు.

మూడో ప్రశ్నకు 30 అని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు తగులుతారు. పత్తి, మిర్చి అప్పుల్లో మునిగిన ఇళ్లలో “బతుకుడెందుకు” అనే మాట కూడా వినాల్సి రావొచ్చు. రాసుకుని వచ్చేస్తే అది తప్పు. సర్వే ఆపండి, కూర్చోండి, వినండి. 14416కు అక్కడి నుంచే మీ ఫోన్‌తో కలిపివ్వండి. ఆ మనిషి ఒప్పుకుంటే ఇంట్లో నమ్మకస్తులకు, పీహెచ్‌సీ డాక్టరుకు అదే రోజు తెలియజేయండి. ప్రాణానికి ముప్పుందనిపిస్తే మనిషిని ఒంటరిగా వదిలి రాకండి. ఈ ఏర్పాటు లేకుండా మూడో ప్రశ్న అడిగే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

5. ఇంటిని, ఇంట్లో మనిషిని ఎంచుకోండి

ఓటరు జాబితా సులువుగా దొరుకుతుంది, 18 దాటినవాళ్లలో చాలామంది ఉంటారు, తెలుగులోనే ఉంటుంది. కానీ గల్ఫ్ పోయినవాళ్లు, హైదరాబాద్‌లో ఉంటూ ఓటుకు మాత్రమే వచ్చేవాళ్లు కూడా అందులో ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇది పెద్ద సంఖ్యే. అందుకని ఓటరు జాబితాను ఆశా దగ్గరున్న ఇళ్ల వివరాలతో సరిచూసుకుని, గడిచిన నెలలో ఎక్కువ రోజులు ఊళ్లో ఉన్నవాళ్లనే తీసుకోండి.

600 ఇళ్లలో 60 కావాలంటే ప్రతి పదో ఇల్లు. మొదటిది ఏదో చీటీ తీయండి. ఇంట్లో ఎవర్ని అడగాలో కూడా చీటీలే తేల్చాలి: పెద్దవాళ్లందరి పేర్లు రాసి ఒకటి తీయించండి. ‘దగ్గర్లో పుట్టినరోజున్నవాళ్లు’ అనే పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది, కానీ మన ఊళ్లలో చాలామంది ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది, అది పనికిరాదు. తలుపు తీసినవాళ్లనే అడగడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. పగలు తలుపు తీసేది ముసలివాళ్లు, రోగులే. ఊరంతా రోగాల పాలైనట్టు లెక్క తేలుతుంది.

ఇంట్లో మొత్తం పెద్దవాళ్లు ఎందరో తప్పకుండా రాసుకోండి. ఐదుగురున్న ఇంట్లో ఒక్కరినే అడిగారు, ఒంటరి ముసలమ్మ ఇంట్లోనూ ఒక్కరినే అడిగారు. లెక్కలో మొదటి జవాబుకు 5 బరువు, రెండోదానికి 1 బరువు ఇవ్వాలి, అంటే మొదటిదాన్ని ఐదుగురి జవాబుగా లెక్కించాలి.

6. అడగడం

వేళ చూసుకుని వెళ్లండి. పత్తి ఏరే రోజుల్లో, మిరప తెంపే రోజుల్లో పొద్దున 8 దాటితే ఊళ్లో ఎవరూ ఉండరు. తెల్లవారి 6 నుంచి 8, సాయంత్రం 6 తర్వాత. తాళం ఉన్న ఇంటికి మూడుసార్లు తిరగండి, అంతేగానీ పక్కింటిని తీసుకోకండి.

మొదటి మాటగా ఇది మీకు మీరే చెప్పుకోండి, వాళ్లకూ చెప్పండి: “ఇది పింఛన్ కోసం కాదు, రేషన్ కార్డు కోసం కాదు, ఏ పథకానికీ దీంతో సంబంధం లేదు.” 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే, 2024లో కులగణన చూసిన జనం మనవాళ్లు. కాగితం పట్టుకుని ఎవరొచ్చినా ఏదో వస్తుందనో, ఏదో పోతుందనో అనుకోవడం సహజం. బోదకాలు వాళ్లకు, వృద్ధులకు పింఛన్ ఉంది కాబట్టి, ఆరోగ్యం గురించి అడిగితే బాధ ఎక్కువ చేసి చెప్పాలనిపిస్తుంది. వాళ్ల తప్పేం లేదు, విషయం స్పష్టంగా చెప్పకపోవడం మన తప్పు.

ఒకటో ప్రశ్నను పలకరింపులా అడగొద్దు. “మంచిగున్నరా బాపూ?” అంటే “ఆ, మంచిగనే” అని నోటికి వచ్చేస్తుంది, నెల రోజులుగా జ్వరంతో ఉన్నా సరే. ముందు పలకరించండి, నీళ్లు తాగండి, పేరు, వయసు రాసుకోండి, తర్వాత ఐదు జవాబులూ చదివి ఎంచుకోమనండి. “ఏదో గట్ల నడుస్తాంది” అని వస్తే మీ అంతట మీరు ‘అంతంత మాత్రం’ అని టిక్కు పెట్టకండి, ఐదూ మళ్లీ చదవండి.

30 రోజులను గుర్తుచేయడానికి అంగడి బాగా పనికొస్తుంది. వారానికో అంగడి, నాలుగు అంగళ్లు వెనక్కి పోతే 28 రోజులు, ఇంకో రెండు రోజులు కలపండి. దసరా దగ్గరైతే ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య రోజు కాబట్టి ఎవరికైనా గుర్తుంటుంది. భూపాలపల్లి, గోదావరిఖనిలో గని కార్మికులకు తప్పిన మస్టర్లు (హాజరు పడని రోజులు) గుర్తుంటాయి. బీడీలు చుట్టే అక్కలు తక్కువ బీడీలు పోసిన రోజులు చెప్పగలరు.

అప్పుడు చింతగింజలు తీయండి. 30 గింజలు ముందు పోసి, “ఇవి 30 దినాలు. ఒళ్లు బాగలేని దినాలు పక్కకు జరుపు పెద్దమ్మా” అనండి. జరిపినవి మీరే లెక్కబెట్టి రాసుకోండి. ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. మూడో ప్రశ్నకు ముందు గింజలన్నీ మళ్లీ కలపాలి. లేకపోతే మిగిలిన గింజల్లోంచే మనసు బాగలేని రోజులు తీస్తారు, ఒళ్లూ మనసూ రెండూ బాగలేని రోజులు లెక్కలోకి రాకుండా పోతాయి.

కోడలిని అడిగేటప్పుడు అత్తమ్మ పక్కనే కూర్చుంటే మూడో ప్రశ్నకు జవాబు సున్నానే. మగవాడు అడిగినా అంతే. అందుకే ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి, వీలైతే పెరట్లోనో, బావి దగ్గరో. నాలుగో ప్రశ్నకు ఆడవాళ్లు చాలామంది “పని ఆగితే ఎట్ల? జొరమున్నా చేసిన” అంటారు. అది నిజమే, కాబట్టి జవాబు సున్నా అనే రాయండి. కానీ కింద మీ సొంత ప్రశ్న ఒకటి వేరుగా పెట్టుకోండి: “బాగలేకున్నా పని చేసిన రోజులెన్ని?” దీన్ని నాలుగో ప్రశ్నలో కలపకండి, కలిపితే వేరే సర్వేలతో పోల్చలేరు. విడిగా చూస్తే మాత్రం ఊరి ఆడవాళ్ల బతుకు ఆ ఒక్క గడిలో కనిపిస్తుంది.

7. జవాబులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం

సీడీసీ పద్ధతిలో ‘ఒక్కరోజూ లేదు’కు 88, ‘తెలియదు’కు 77, ‘చెప్పను’కు 99 అని కోడ్‌లుంటాయి. వీటిని అలాగే వదిలేసి సగటు తీయడం అందరూ చేసే తప్పు, నేనూ చేశాను. ఏ బాధా లేని మనిషికి 88 రోజుల బాధ రాసినట్టవుతుంది. ఎక్సెల్‌లో మొదటి పని: 88ని 0 చేయండి, 77ను, 99ను ఖాళీ చేయండి. ఖాళీ వేరు, సున్నా వేరు. సొంతంగా ఫారం తయారుచేసుకునేవాళ్లు 88 జోలికి పోకుండా నేరుగా 0 అని రాయించడమే మంచిది.

8. లెక్కగట్టడం

ఒక్కొక్కరికి: ఒళ్లు బాగలేని రోజులు, మనసు బాగలేని రోజులు కూడండి. 30 దాటితే 30 దగ్గర ఆపండి. 12, 5 అయితే 17. 20, 20 అయితే 30. 30లోంచి దాన్ని తీసేస్తే బాగున్న రోజులు. నాలుగో ప్రశ్న రోజులను ఈ కూడికలో కలపొద్దు, అవి మొదటి రెండిటి ఫలితమే కాబట్టి రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

ఊరికి: బరువులు వేసి బాగలేని రోజుల సగటు తీయండి. దాంతోపాటు 14 రోజులు, అంతకన్నా ఎక్కువ బాగలేనివాళ్లు నూటికి ఎందరో కూడా చెప్పండి. ఎందుకంటే ఈ లెక్కలో ఎప్పుడూ సున్నాలు చాలా, 30లు కొన్ని ఉంటాయి. ‘సగటు 5 రోజులు’ అంటే అందరికీ ఐదేసి రోజులనుకుంటారు. అసలు విషయం కొందరికి నెలంతా బాధ ఉండటం.

సగటు పక్కన అటూ ఇటూ ఎంతో రాయండి. ఉదాహరణకు సగటు 5.1, ప్రామాణిక విచలనం (జవాబులు సగటుకు ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క) 8.4, మనుషులు 640 అనుకుందాం. 8.4ను 640 వర్గమూలంతో భాగిస్తే 0.33. చోట్ల లెక్కన తీసుకున్నాం కాబట్టి 1.5 వర్గమూలంతో గుణిస్తే 0.41. దాన్ని 1.96తో (95 శాతం నమ్మకానికి వాడే సంఖ్య) గుణిస్తే 0.8. అంటే మండలం లెక్క 4.3 నుంచి 5.9 మధ్య ఉంటుంది. పక్క మండలం 5.5 అని వస్తే ‘వాళ్లకన్నా మనం మేలు’ అని దండోరా వేయకండి.

9. ఫలితం నమ్మదగ్గదేనా? ఇలా చూడండి

వయసు పెరిగేకొద్దీ ఒళ్లు బాగలేని రోజులు పెరగాలి. పెరగకపోతే ఎక్కడో తప్పుంది. ‘అస్సలు మంచిగ లేదు’ అన్నవాళ్లకు, ‘మస్తు మంచిగ’ అన్నవాళ్లకన్నా చెడ్డ రోజులు ఎక్కువుండాలి. ఒకరి నాలుగో జవాబు, రెండూ మూడూ కలిపినదానికన్నా ఎక్కువుంటే ఆ కాగితం తీసి పక్కన పెట్టి, మళ్లీ అడిగి రండి.

5, 10, 15, 30 దగ్గర జవాబులు కుప్పపడటం మామూలే. కానీ 7, 12, 17 లాంటివి అసలే లేకపోతే గింజలు సంచిలోనే ఉండిపోయాయన్నమాట.

అడిగినవాళ్ల వారీగా సగటు తీయండి. ఒకే రకం ఊళ్లు తిరిగిన ఇద్దరిలో ఒకరికి మనసు రోజులు 4, ఇంకొకరికి దాదాపు సున్నా వస్తే, రెండో మనిషి అడిగే తీరులోనే తేడా ఉంది. కోపగించుకోకండి, వెంట వెళ్లి ఒక పూట వినండి. ఫోన్‌లో చేస్తే ఒక్కో ఇంటర్వ్యూకు ఎంతసేపు పట్టిందో కూడా తెలుస్తుంది. గింజలతో కలిపి రెండు నిమిషాల్లో ముగిసినవన్నీ అనుమానించాల్సినవే.

నూటికి పదిమంది దగ్గరకు వారంలోపు ఇంకొకరిని పంపి అవే ప్రశ్నలు అడిగించండి. ఒకట్రెండు రోజుల తేడా సహజం. 0 చెప్పినవాళ్లు 20 చెబితే ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ చూడాలి.

10. పోల్చేముందు వయసు సరిచేయండి

మన దగ్గర ఈ మెట్టు తప్పనిసరి. కుర్రవాళ్లంతా హైదరాబాద్, బొంబాయి, దుబాయ్ పోయిన ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లే. ఒక ఊహా ఉదాహరణ చూడండి.

మొదటి ఊళ్లో 18–44 వయసువాళ్లు 60 శాతం, 45–59 వాళ్లు 25, 60 దాటినవాళ్లు 15. వాళ్లకు చెడ్డ రోజులు వరుసగా 3, 6, 12. సగటు 5.1. రెండో ఊరు వలసల ఊరు: 40, 30, 30 శాతం. చెడ్డ రోజులు 2.5, 5.5, 11. సగటు 5.95. చూడగానే రెండో ఊరే అధ్వానం అనిపిస్తుంది. కానీ ఏ వయసు తీసుకున్నా రెండో ఊరివాళ్లే కాస్త నయంగా ఉన్నారు!

రెండు ఊళ్లకూ ఒకే వయసు కొలత వేయండి. 50, 30, 20 అనుకుందాం. మొదటి ఊరు 5.7, రెండో ఊరు 5.1. ఇప్పుడు నిజం కనిపించింది. మగ, ఆడ లెక్కలు కూడా విడివిడిగా చూపండి.

కాలం కూడా సరిపోలాలి. వానాకాలపు జ్వరాల్లో ఒకసారి, మాఘమాసంలో ఒకసారి కొలిచి ‘మా కార్యక్రమం వల్ల తగ్గింది’ అనడం కుదరదు. మేడారం జాతర నెలలో అసలు పెట్టుకోకండి, మనుషులు దొరకరు, దొరికినా ఆ నెల మామూలు నెల కాదు. ఒకసారి కొలిచిన లెక్క ఎంత ఉందో చెబుతుంది, ఎందువల్లో చెప్పదు. గని పక్క ఊళ్లో ఎక్కువ వచ్చిందని గనే కారణమని రాసేయకండి. అనుమానం వస్తే అది ఇంకో అధ్యయనానికి మొదలు.

11. ఊరికి తిరిగి చెప్పడం

చాలా జట్లు ఇది చేయవు. రిపోర్టు కలెక్టరేట్‌కు పోతుంది, జవాబులిచ్చిన జనానికి ఏమీ తెలియదు, రెండోసారి పోతే తలుపులు తెరుచుకోవు. ఒక్క చార్టు చాలు: వందమంది బొమ్మలు గీసి, నెలలో 14 రోజులు, అంతకన్నా ఎక్కువ బాధపడుతున్నవాళ్లకు ఎర్ర రంగు వేయండి. గ్రామసభలో, పల్లె దవాఖాన గోడ మీద పెట్టండి.

పేర్లు, ఇంటి నంబర్లున్న కాగితాన్ని జవాబుల కాగితం నుంచి మొదటి రోజే విడదీసి తాళం వేయండి. చిన్న తండాలో ‘60 దాటిన ఆడవాళ్లు, మనసు బాగలేనివాళ్లు: ఇద్దరు’ అని రాస్తే ఆ ఇద్దరెవరో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. పదిమంది కన్నా తక్కువున్న గడిని ఎప్పుడూ బయటపెట్టకండి, పక్క గడితో కలిపేయండి.

సభలో మొదట వచ్చే ప్రశ్న కూడా ముందే చెబుతాను: “మరి మాకేం చేస్తరు?” అంతకుముందే పీహెచ్‌సీ డాక్టరుతో కూర్చుని, ఏఎన్‌ఎం వచ్చే రోజో, నొప్పుల మందులో, మనసు డాక్టరు నెలకోసారి వచ్చేలా అడగడమో, చేయగలిగిన ఒక పనినైనా రాసుకుని పోండి. వచ్చే ఏడు మళ్లీ అదే నెలలో, అవే మాటలతో, అవే చింతగింజలతో వస్తామని తేదీ చెప్పి రండి.